పార్శ్వపు నొప్పితో అరవై ఏళ్ళు

పార్శ్వపు నొప్పి పేరు వినని తెలుగు ఇల్లు ఉండదు. ఒంటి తలనొప్పి అన్నా, మా పల్లెల్లో వట్టిగా "నెత్తి నొప్పి" అన్నా, డాక్టర్లు మైగ్రేన్ అన్నా వస్తువు ఒకటే. చరక సంహితలో దాని పేరు అర్ధావభేదకం. గ్రీకు వైద్యుడు గాలెన్ "సగం తల" అనే అర్థం వచ్చే మాటతో పిలిచాడు. ఆ మాటే నోళ్ళలో అరిగి అరిగి మైగ్రేన్ అయింది. ఇన్ని పేర్లున్నా ఒక చిక్కు ఉండనే ఉంది. అన్నీ తలలో సగాన్నే చూపిస్తాయి. ఈ జబ్బు మనిషితో పాటు పెరుగుతుందనీ, మనిషితో పాటు ముసలిదవుతుందనీ, కొన్ని వయసుల్లో తలతో తనకు సంబంధమే లేనట్టు నటిస్తుందనీ ఏ పేరూ చెప్పదు. అందుకే ప్రతి వయసులోనూ దాన్ని మరొకటి అనుకుంటారు. ఏడో ఏట నుంచి దానితో కాపురం చేస్తున్నదాన్ని గనుక ఈ నాలుగు మాటలు చెప్పే అధికారం నాకు ఉందనుకుంటాను.

మాది పాత నల్గొండ జిల్లా దేవరకొండ తాలూకా. డిండి వాగు మా ఊరికి దగ్గర. 1965లో నా పార్శ్వపు నొప్పి కడుపులో మొదలైంది. ఉన్నట్టుండి మొహం తెల్లగా పాలిపోయేది. బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు నొప్పి. అన్నం వాసన పడేది కాదు. రెండుసార్లు కక్కుకొని, చాప మీద ముడుచుకొని గంటో రెండు గంటలో పడుకొని లేస్తే ఏమీ ఉండేది కాదు. లేవగానే ఆకలేసి జొన్నరొట్టె అడిగేదాన్ని. ఆ అడగటమే నా కొంప ముంచేది. "ఇంతసేపు కడుపునొప్పి అన్నది, ఇప్పుడు రొట్టె తింటది. బడి ఎగ్గొట్టనీకె ఏషాలు" అనేవాడు నాయిన. అవ్వ మాత్రం కడుపులో పురుగులని తీర్మానించి ఆముదం పట్టించేది. ఆముదం తాగిన పిల్ల మళ్ళీ కక్కుకోదా మరి?

నా తరఫున సాక్ష్యం చెప్పింది 1969. జై తెలంగాణ ఉద్యమంలో ఆ ఏడాది చదువులు నెలల తరబడి సరిగా సాగలేదు. ఎగ్గొట్టటానికి మా ఊళ్ళో బడే లేదు. నొప్పి మాత్రం తన వేళకు తాను వచ్చింది. ఆ తర్వాత నాయిన వేషాలనటం మానేశాడు.

ఇప్పుడు పిల్లల డాక్టర్లు దీన్ని కడుపు మైగ్రేన్ అంటున్నారు. చిన్నతనంలో తలనొప్పిగా వచ్చినా, పెద్దవాళ్ళకు వచ్చినట్టు ఒక పక్కనే రావాలని లేదు. తరచు నుదురంతా, రెండు వైపులా వస్తుంది. మందు వేసుకోకపోతే పెద్దలకు 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉండే నొప్పి, పిల్లలకు రెండు గంటల్లోనే పోవచ్చు. బస్సెక్కితే వాంతులు చేసుకొనే పిల్లల్లో కొందరు పెద్దయ్యాక ఈ సంఘంలో సభ్యులవుతారు. దేవరకొండ నుంచి నల్గొండ పోయే బస్సులో నాకు కిటికీ పక్క సీటు ఎందుకు ఇవ్వాలో కండక్టర్లకు కూడా తెలుసు. ఈ వయసులో మగపిల్లలకూ ఆడపిల్లలకూ దాదాపు సమానంగా వస్తుంది. తేడా తర్వాత పడుతుంది.

ఇది మా అమ్మ వైపు ఆస్తి. తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. అమ్మకు నొప్పి వచ్చే ముందు కళ్ళ ముందర మెరిసే వంకర గీతలు కనిపించేవి. "కంట్ల ముగ్గు పడ్తుందే" అని పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, చీకటి అర్రలోకి పోయి పడుకొనేది. కణతలకు సున్నం, నుదుటికి శొంఠి పట్టు, తల చుట్టూ బిగించి గుడ్డ. దాన్ని మా ఇంట్లో పైత్యం అనేవారు. డబ్బులున్న నెలలో అమృతాంజనం సీసా వచ్చేది. దాని సంగతి ఒకటి చెప్పాలి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో ఆ మందు పెట్టారు. ఆ సంపాదనతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా అక్కడే మొదలుపెట్టారు. తెలుగువాళ్ళ తలనొప్పులు తెలుగు పత్రికకు పెట్టుబడి అయినాయన్న మాట. మా అమ్మకు చదువు రాదు గాని, ఆ లెక్కన పత్రికకు ఆమె వంతు చందా ఆమె కట్టినట్టే.

మేనమామకూ ఉండేది. ఆయన పెళ్ళి పాలమూరు వైపు. అక్కడి కూలీల వెంట నాగార్జునసాగర్ డ్యాం పనికి నందికొండ పోయాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ పని 1967 దాకా సాగింది. రాతితో కట్టిన డ్యాం అది. రాయి మోసే మనిషికి ఎండ, ఆకలి, దాహం, నిద్ర చాలకపోవటం అన్నీ ఒక్క చోటే దొరుకుతాయి. పార్శ్వపు నొప్పిని లేపేవీ ఆ నాలుగే. నొప్పి వచ్చిన రోజు మామ రాయి నీడన తువ్వాల కప్పుకొని పడుకొనేవాడు. మేస్త్రీ ఆ పూట కూలి కోసేవాడు. "కాలు ఇరిగితె కూలి ఇస్తడు. నెత్తి పగిలినట్టు నొస్తె ఇయ్యడు" అని మామ నవ్వుతూ చెప్పేవాడు. చెప్పటం నవ్వుతూనే గాని, ఆ కోతల వల్ల ఇంట్లో ఎన్ని పూటలు గట్కతో సరిపెట్టుకున్నారో మా అత్తకు తెలుసు.

నల్గొండ వాళ్ళం గనుక ఏ నొప్పి వచ్చినా నీళ్ళ మీదికి తోయటం మనకు అలవాటు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిన మనుషులను చూసిన జిల్లాకు ఆ అనుమానం రావటంలో వింత లేదు. కాని ఆ బాధకు కంటికి కనిపించే గుర్తు ఉంది. వంగిన కాళ్ళను ఎవరూ నాటకమనరు. పార్శ్వపు నొప్పి మనిషి మర్నాడు పొద్దున్నే తల దువ్వుకొని మామూలుగా బయటికొస్తాడు. మాకొచ్చిన చిక్కంతా ఆ దువ్వెనతోనే.

పదమూడో ఏట నేను పెద్దమనిషినయ్యాను. నొప్పి కడుపు విడిచిపెట్టి తలలో ఎడమ పక్కకు వచ్చి కూర్చుంది. నెలనెలా, బయట చేరే ముందు రోజో ఆ రోజో తప్పకుండా వచ్చేది. మగపిల్లల దారీ ఆడపిల్లల దారీ విడిపోయేది ఇక్కడే. పెద్దవాళ్ళలో ఒక మగవాడికి ఉంటే ముగ్గురు ఆడవాళ్ళకు ఉంటుందని లెక్క. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను నెల చివర హఠాత్తుగా పడిపోతుంది. ఆ పడిపోవటమే నొప్పికి పిలుపు. ఈ సంగతి ఆనాడు మా హాస్టలులో ఎవరికీ తెలియదు. కళ్ళు సరిగా లేవని అద్దాలు పెట్టించారు. అద్దాలు పెట్టుకున్నాక నొప్పి మరింత స్పష్టంగా కనిపించింది.

1978లో డిగ్రీ చివరి పరీక్ష. ప్రశ్నపత్రంలో మూడో ప్రశ్న చదువుతుంటే మధ్యలో అక్షరాలు మాయమైనాయి. మాయమైన చోట సన్నని వెలుగు చుక్క. అది మెల్లమెల్లగా పెరిగి, పళ్ళు పళ్ళుగా, కోటగోడ అంచులా వంకర తిరిగి, మిలమిలమని పక్కకు జరగసాగింది. అమ్మ చెప్పే ముగ్గు అదేనని ఆ క్షణంలో అర్థమైంది. అర్థమై లాభమేమిటి? ఇరవై నిమిషాలకు ముగ్గు పోయింది, నొప్పి దిగింది. హాలులో ఉన్న పెద్దమనిషి "భయపడ్డావమ్మా, సరిగా చదివి రావాలి" అన్నాడు. సగం కాగితం తెల్లగా ఇచ్చి వచ్చాను. ఆ పేపరు మళ్ళీ కట్టవలసి వచ్చింది. ఉద్యోగం ఒక ఏడాది వెనక్కి పోయింది. సీనియారిటీ లెక్కల్లో ఆ ఏడాది నేను రిటైరయ్యే దాకా నా వెంటే వచ్చింది.

ఆ వెలుగు గీతకు డాక్టర్లు పెట్టిన పేరు ఆరా. అందరికీ రాదు, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్ళలో తక్కువ మందికే వస్తుంది. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన కంట్లో పడే గీతను తానే బొమ్మ గీసి, గడియారం చూసి, మెదడులో ఏదో ఒకటి నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతున్నదని 1941లో ప్రకటించాడు. 1944లో బ్రెజిల్ దేశస్థుడు లియావో కుందేళ్ళ మెదడు పైపొరలో దాదాపు అదే వేగంతో పాకే ఒక అలను కనిపెట్టాడు. నరాలు ఒక్కసారి చురుకెత్తి, ఆ వెనకే మందగించిపోయే అల అది. నత్త నడక వంటి ఆ వేగాన్ని మరచిపోకండి, ముందు దానితో పనుంది.

తర్వాత మహబూబ్‌నగర్‌లో లెక్చరర్ ఉద్యోగం, పాలమూరు సంబంధమే పెళ్ళి. అత్తగారింట్లో శుక్రవారం తలంటు, ఉపవాసం, పండగనాడు పొద్దెక్కిందాకా పూజ. తలంటుకొని తడి జుట్టు ముడేసుకున్నానంటే సాయంత్రానికి తల పగిలేది. "తలస్నానం పడకపోవుడేంది? ఎక్కడన్న ఇన్నమా?" అనేది అత్తమ్మ. విన్నవాళ్ళు ఉన్నారు. బొంబాయిలో డాక్టర్ కె. రవిశంకర్ గారు తలస్నానంతో పార్శ్వపు నొప్పి లేచే 94 మంది భారతీయులను పరిశీలించి 2006లో ఒక అంతర్జాతీయ పత్రికలో వ్యాసం ప్రచురించారు. పొడుగు జుట్టు, అది ఆరేందుకు పట్టే వేళ ఉన్న దేశంలో కాక ఈ సంగతి ఇంకెక్కడ తెలుస్తుంది? ఆ వ్యాసం వచ్చేనాటికి అత్తమ్మ లేదు. ఉంటే చదివి వినిపించేదాన్ని.

1983లో నాకు నెల తప్పింది. మొదటి మూడు నెలలు నొప్పి బాగా బాధించి, నాలుగో నెల నుంచి మాయమైంది. అంత తేలికైన తల నాకు అంతకు ముందు లేదు. ఇల్లంతా కురుమూర్తి స్వామి దయ అన్నారు. నేనూ కాదనలేదు. చాలామంది గర్భిణులకు ఆ కాలంలో నొప్పి తగ్గుతుందనీ, హార్మోను నెలనెలా పడిపోకుండా ఎత్తుగా ఉండటం వల్లనే అలా జరుగుతుందనీ తర్వాత చదువుకున్నాను. కాన్పయిన వారానికే నొప్పి తిరిగివచ్చి పిల్లను చూసుకుంది.

ముప్పై నుంచి యాభై దాకా ఈ జబ్బుకు నిండు యౌవనం. మనిషి ఇల్లు, ఉద్యోగం, పిల్లల చదువులు మోసే వయసూ అదే. బెంగుళూరు నిమ్‌హాన్స్ వారు పొరుగున కర్ణాటకలో ఇల్లిల్లూ తిరిగి చేసి, 2015లో ప్రచురించిన సర్వేలో 18 నుంచి 65 ఏళ్ళ వారిలో నూటికి సుమారు 25 మందికి ఏడాదిలో ఒకసారైనా ఈ నొప్పి వచ్చినట్టు తేలింది. ప్రపంచమంతటి లెక్కల్లో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను పనికి దూరం చేసే జబ్బుల్లో దీనిదే మొదటి స్థానం. చంపే జబ్బు కాదు గనుక పేపర్లో పడదు.

మాతో ఒక లెక్కల మేష్టారు పనిచేసేవారు. జేబులో సుద్దముక్కలతో పాటు నొప్పి బిళ్ళలు ఉండేవి. మొదట నెలకు నాలుగు, తర్వాత వారానికి నాలుగు, చివరికి పొద్దున లేస్తే ఒకటి. నొప్పి మాత్రం రోజూ. బిళ్ళ వేసుకోకపోతే వస్తుందని ఆయన అనేవారు. వేసుకోవటం వల్లనే వస్తున్నదని డాక్టరు అన్నారు. మూడు నెలలకు మించి, నెలలో 15 రోజులో అంతకన్నా ఎక్కువో మామూలు నొప్పి బిళ్ళలు మింగినా, లేక 10 రోజులు కలగలుపు బిళ్ళలు గాని, ఎర్గట్, ట్రిప్టాన్ జాతి మందులు గాని మింగినా, మందే తలనొప్పిని పెంచి పోషిస్తుందట. వేసవి సెలవుల్లో డాక్టరు చెప్పినట్టు మానేశారు. మొదటి పది రోజులు నరకం చూశానన్నారు. జూన్‌లో కాలేజీ తెరిచేసరికి ఆయన జేబులో సుద్దముక్కలే మిగిలాయి.

నలభై అయిదు దాటాక నెలసరి దారి తప్పుతుంది, దాని వెంటే నొప్పీ దారి తప్పుతుంది. ఈ మాట పల్లెల్లో చదువుకున్న ఆడపిల్లలు ఇంటికి పోయి చెప్పాలి. గర్భసంచి తీయించుకుంటే నెత్తినొప్పి కూడా పోతుందని నమ్మి ఆపరేషనుకు ఒప్పుకున్న వాళ్ళను, ముప్పై అయిదేళ్ళు కూడా నిండనివాళ్ళను, మా చుట్టాల్లోనే చూశాను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తీయించుకున్న స్త్రీలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే ముందున్నాయి. అండాశయాలు కూడా తీసేస్తే హార్మోను ఒక్కరోజులో కూలిపోతుంది. చాలామందికి నొప్పి తగ్గకపోగా పెరుగుతుంది. తనంత తాను ముట్లుడిగిన వాళ్ళకు మాత్రం, కొన్నాళ్ళు ఇబ్బంది పెట్టినా, తరచు చల్లబడుతుంది. మా అమ్మకు యాభై దాటాక తగ్గింది. అప్పటికి జాన్‌పహాడ్ సైదులుకు మొక్కి ఉన్నాము గనుక కందూరు చేసి వచ్చాము. నాకు 2010 నాటికి తగ్గింది. నేను మొక్కలేదు, ఊరికే సంతోషించాను.

కథ అక్కడ ముగిసిందనుకున్నాను. 2021లో, అరవై మూడో ఏట, బియ్యం ఏరుతుంటే చాటలో వెలుగు చుక్క కనిపించింది. అది పెరిగి ముగ్గయి పక్కకు జరిగింది. వెంట కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి మెల్లగా మోచేతి దాకా పాకింది. అరగంటకు అన్నీ పోయాయి. నొప్పి కోసం ఎదురుచూశాను. రాలేదు. అరవై ఏళ్ళలో నొప్పి రానందుకు భయపడ్డది ఆ ఒక్కరోజే. పక్షవాతమని ఇంట్లో వాళ్ళు హైదరాబాదు తీసుకుపోయి స్కానింగ్ చేయించారు. మెదడులో ఏమీ లేదు.

కెనడాలో పుట్టి బోస్టన్‌లో పనిచేసిన మిల్లర్ ఫిషర్ అనే నరాల వైద్యుడు 1980లోనే దీని గురించి వ్రాశాడట. ముసలితనంలో పార్శ్వపు నొప్పి ఒక్కోసారి నొప్పిని పారేసి ముగ్గును మాత్రం ఉంచుకుంటుంది. తేడా తెలిసేది ఆ నత్త నడక వల్లనే. పక్షవాతం సాధారణంగా ఒక్క దెబ్బలో వచ్చి పడుతుంది. చేయి పడిపోతుంది, చూపు పోతుంది. ఇది నిమిషాల తరబడి పాకుతుంది. అయినా మొదటిసారి వస్తే ఇంట్లో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి కాదిది, వెంటనే పరీక్ష చేయించుకోవాలి. యాభై దాటాక మొదటిసారి పుట్టిన తలనొప్పికి కూడా ఇదే మాట.

వయసును బట్టి మందు కూడా మారుతుంది. ఎర్గటమిన్ 1918లో వేరుచేశారు. గుండెకని వచ్చిన ప్రొప్రనొలాల్ ఈ నొప్పి రాకుండా ఆపుతుందని 1960లలో కనుక్కున్నారు. 1991లో సుమాట్రిప్టాన్, 2018లో సి.జి.ఆర్.పి. అనే పదార్థాన్ని అడ్డుకొనే ఇంజెక్షన్లు వచ్చాయి. ఆ పరిశోధనకు నలుగురు శాస్త్రజ్ఞులకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ కూడా ఇచ్చారు. కాని పిల్లలు కనవలసిన వయసులో వాల్‌ప్రోయేట్ బిడ్డకు ప్రమాదం. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ప్రొప్రనొలాల్ పడదు. గుండెజబ్బు వచ్చిన పెద్దాయనకు ట్రిప్టాన్ ఇవ్వకూడదు. ముగ్గు కనిపించే అమ్మాయి ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వేసుకుంటే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. అమ్మకు పనిచేసిన చీటీ కూతురికి పనికిరాదు. మా రోజుల్లో ఇవన్నీ అడగటానికి హైదరాబాదే దిక్కు. ఇప్పుడు మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అడగటానికి మొహమాటమెందుకు?

నన్ను చూసిన డాక్టరు గారు ఒక నోటుబుక్కు పెట్టమన్నారు. తేదీ, వేళ, ఎంతసేపు ఉన్నది, ముందు రోజు ఎంత నిద్ర, ఏ పూట తిండి తప్పింది, ఏ బిళ్ళ. "ఏమి వచ్చింది" అనే గడిలో నేను ముగ్గు అనే వ్రాస్తున్నాను. ఆయనకూ ఇప్పుడు ఆ మాట అలవాటైంది. నిరుడు ఆరు ముగ్గులు పడ్డాయి, ఒకదానికే నొప్పి వచ్చింది. బుక్కులో వెనక పేజీలు మనవడికి ఇచ్చాను. వాడికి ఎనిమిదో ఏడు. వాడి గళ్ళలో అన్నీ "కడుపు" అనే ఉండేవి. మొన్న సంక్రాంతి మర్నాడు మొదటిసారి వాడే పెన్సిలు తీసుకొని "నెత్తి, రెండు దిక్కుల" అని వ్రాశాడు.